కాంటనీస్ పెళ్లి టీ వేడుక హోటల్లో గంటలో ముగించాలంటే ఏవి తగ్గించొచ్చు?

పందిరి_కేఎల్: కౌలాలంపూర్‌లో పెళ్లి. అబ్బాయి వాళ్లు కాంటనీస్ చైనీయులు, అమ్మాయి వాళ్లు తెలుగువాళ్లు. ఉదయం 10:30కి మన ముహూర్తం, భోజనాలయ్యాక అదే హోటల్లో టీ వేడుక (కొత్త దంపతులు పెద్దలకి టీ అందించే ఆచారం). టీ అందుకునే పెద్దలు రెండు వైపులా కలిపి 18 జంటలు. మోకాళ్ల మీద కూర్చోవడం, రెండిళ్లకీ తిరగడం వద్దని అబ్బాయి వాళ్లే అంటున్నారు. ఇంకా ఏం తీసేయొచ్చు? ఏది తీస్తే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు? టీ ఎలా కాయాలి, ఎంత కాయాలి?

మేనమామ_వరస: మోకాళ్లు వదిలేయండి, నిలబడి కాస్త వంగి రెండు చేతులతో కప్పు అందిస్తే చాలు. ఒకే గదిలో చేయడమూ మామూలైపోయింది. పిలుపు మాత్రం వదలొద్దు, ఈ వేడుకంతా దాని కోసమే. కోడలు అత్తమామల్ని ఆ వరసతో మొదటిసారి పిలిచేది ఇక్కడే: మామగారికి "లౌయే, యామ్ చా", అత్తగారికి "నాయ్‌నాయ్, యామ్ చా". యామ్ చా అంటే టీ తాగండి అని. తండ్రికి అన్నయితే ఒక మాట, తమ్ముడైతే "సుక్‌సుక్", మేనమామకి "కౌఫు". పెదనాన్న, బాబాయి తేడా తెలిసిన మనకి ఇదేం కష్టం కాదు. అందరినీ అంకుల్ అంటే మాత్రం చప్పగా ఉంటుంది. పిలుపులన్నీ తెలుగు లిపిలో రాసి, వరసలోనే తోడిపెళ్లికూతురి చేతికివ్వండి.

తల్లిదండ్రులు ముందా, తాతానాయనమ్మలు ముందా అనేది ఇంటింటికీ మారుతుంది. అబ్బాయి తల్లినడిగి జాబితా రాయించుకోండి, ఊహించొద్దు. చివర్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు తిరిగి దంపతులకి టీ ఇస్తారు. వాళ్లకి దంపతులే ఆంగ్‌పావ్ (ఎర్ర కవరులో డబ్బు) ఇవ్వాలి. ఆ చిన్న కవర్లు చాలామంది మర్చిపోతారు.

జంటకి 2 నిమిషాలు వేసుకుంటే 36. నగలు తొడిగేవాళ్లుంటే ఇంకో పది. అసలు టైమంతా తినేది కప్పులు కడగడం. రెండే కప్పులతో దిగితే ప్రతి జంటకీ ఆగాల్సిందే. 8 కప్పులు తీసుకోండి, ఒకరు కడుగుతుంటే ఇంకొకరు పళ్లెం అందిస్తారు. కవర్లు, నగలు భద్రం చేయడానికి మూడో మనిషి ఉండాలి.

పటికబెల్లం: టీ సంగతి నేను చెప్తా. 36 మంది, చిన్న కప్పులో 40 మి.లీ. చొప్పున దాదాపు లీటరున్నర. 2 లీటర్ల నీళ్లతో మొదలుపెట్టండి. 20 ఎర్ర డేట్స్ (మన ఖర్జూరం కాదు, రేగుజాతి ఎండుపళ్లు) గాటు పెట్టి 20 నిమిషాలు మరిగించి, చివరి 10 నిమిషాల్లో గుప్పెడు ఎండు లాంగన్ (లీచీ జాతి పండు), తగినంత పటికబెల్లం వేయండి. పాలు కలపరు.

తామర గింజలు విడిగా ఉడికించాలి. నానబెట్టి, లోపలి పచ్చ మొలక తీయకపోతే టీ అంతా చేదు. మఖానా వేయకండి, అది వేరే మొక్క గింజ, పైగా నీళ్లలో మెత్తబడిపోతుంది. కప్పుకి రెండు గింజలు, అంటే 72. విరిగేవి ఉంటాయి కాబట్టి 90 ఉడికించండి. పళ్లు కూడా కప్పులో వేస్తే టీకి చోటుండదు. తామర గింజ మాండరిన్‌లో "లియెన్‌జ్", వరసగా పిల్లలు అనే అర్థానికి సరిపోయే ఉచ్చారణ, అందుకే అది తీసేస్తే పెద్దావిడలు అడుగుతారు.

ఫ్లాస్కులోంచి పొగలు కక్కే టీ నేరుగా పోయొద్దు. పిడి లేని పింగాణీ కప్పు వేళ్లని కాల్చేస్తుంది. ముందే కూజాలోకి వంచి, గోరువెచ్చన కాగానే పోయండి.

గళ్ళపంచె: ఒక్క ముఖ్యమైన మాట. మన మధుపర్కాలు తెల్లవి, చైనీయులకి తెలుపు సంతాపపు రంగు. ముహూర్తానికి ఫర్వాలేదు, టీకి మాత్రం ఇద్దరూ మార్చుకోవాలి. చీయోంగ్‌సామే (చైనీయుల సంప్రదాయ గౌను) అక్కర్లేదు, ఎర్ర పట్టుచీర చాలు.

మనవైపు వాళ్లకీ చెప్పండి: కవరు ఎర్రది, మొత్తం సరిసంఖ్య, 4 రాకూడదు. తెల్ల కవరులో డబ్బు చావింటికిచ్చేది. 101, 501 వద్దు. 116 సరిసంఖ్యే, మన ఆచారం గట్టెక్కింది! అక్షింతలు కప్పులు వెనక్కి తీసుకున్నాకే వేయించండి, లేకపోతే పసుపు బియ్యం టీలో తేలుతుంది.

పందిరి_కేఎల్: అబ్బాయి తాతగారు లేరు. నాయనమ్మ పక్కన కుర్చీ ఖాళీగా ఉంచాలా?

మేనమామ_వరస: తీసేయండి. ఆవిడ మధ్యలో ఒక్క కుర్చీలో, ఒక్క కప్పు. తాతగారికి దణ్ణం పెట్టేది ఇంట్లో పూర్వీకుల పీఠం దగ్గర, పొద్దున్నే అగరుబత్తి వెలిగించి. అదీ హోటల్ హాల్లోనే చేయాలంటే పొగకి ఒప్పుకోకపోవచ్చు, ముందే అడగండి. క్రైస్తవ కుటుంబమైతే ఆ భాగమే ఉండదు.