అమ్మ కంటి ఆపరేషన్: ప్రీలోడెడ్ లెన్స్ అంటున్నరు, బీడీలు చేసే మనిషికి ఏది వేయించాలె?

ప్రశ్న (ఊరు జగిత్యాల పక్క, ఉండేది హైదరాబాద్‌ల)

అందరికి నమస్తే. మా అమ్మకు 58 ఏండ్లు, చిన్నప్పటి సంది బీడీలు చేస్తది. కుడి కంట్ల శుక్లం ముదిరింది, ఎడమ దాంట్ల ఇప్పుడిప్పుడే మొదలైందట. షుగర్ కూడ ఉన్నది, గోలీలు వేసుకుంటది. మొన్న చూపిస్తే డాక్టర్ సార్ రెండు నిమిషాలు మాట్లాడి ఆపరేషన్ చేసి శుక్లం తీసి కంట్ల లెన్స్ వెయ్యాలె అన్నడు, తర్వాత కౌన్సిలర్ మేడం లెన్సుల రేట్లున్న ఒక లామినేషన్ కాగితం ముందట పెట్టి గబగబా చదివింది, ఇండియన్ ఫోల్డబుల్ 22 వేలు, ఇంపోర్టెడ్ హైడ్రోఫోబిక్ 38, అదే ప్రీలోడెడ్ అయితే 45, మల్టీఫోకల్ 80 దాక అయితదట. ఎందుకు ఇంత తేడా అంటే క్వాలిటీ సార్ అన్నది, ఇంక వేరే మాట లేదు.

పైసలు ఎట్లనో తిప్పల పడి తెస్త గాని ఏం కొంటున్ననో తెల్వాలె కదా. ప్రీలోడెడ్ అంటే ఏంది? మడత పెట్టిన లెన్స్ కంట్ల విచ్చుకోకపోతే ఎట్ల? మా వాడకట్టుల ఒకామెకు ఎన్కట క్యాంపుల గట్టి లెన్స్ వేసిండ్రు, ఇప్పటికీ బియ్యంల రాళ్ళు ఏరుతది. ఇంకో ముచ్చట, పోయినేడు అమ్మ ఉన్నట్టుండి అద్దాలు తీసేసి సూదిల దారం ఎక్కించింది, కండ్లు బాగయినయ్ అని మేమంత సంబురపడ్డం. ఏడాదిల ఇట్లయింది.

జవాబు (ఆప్టోమెట్రిస్ట్, గుంటూరు)

లెన్స్ పవర్ కొలతలు తీయడమే నా పని, 11 ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను. ముందు ఆ సూది దారం సంగతి చెప్తాను, అది చాలా ముఖ్యం. కంట్లో సొంత లెన్స్ మధ్యలో గట్టిపడుతూ వస్తే దాని పవర్ పెరుగుతుంది, దాంతో దగ్గరవి అద్దాలు లేకుండా కనిపిస్తాయి, దూరం మసకబారుతుంది. అది కన్ను బాగవడం కాదండి, శుక్లం ముదరడమే. ఆ టైంలో తీసిన అద్దాల చీటీ ఉంటే వెతికి పెట్టండి.

ఇక లెన్స్. కంపెనీ పేరు కన్నా ముందు కొలత సరిగ్గా ఉండాలి. కన్ను ముందు నుంచి వెనకకి పొడవు మామూలుగా 23, 24 మిల్లీమీటర్లు ఉంటుంది, అందులో 1 మిల్లీమీటరు తేడా వచ్చిందంటే ఆపరేషన్ తర్వాత రెండున్నర నుంచి మూడు దాకా అద్దాల పవర్ మిగిలిపోతుంది. 80 వేల లెన్స్ వేసినా అంతే, 22 వేలది వేసినా అంతే. లైటుతో కొలిచే మిషన్ బాగుంటుంది, కానీ శుక్లం మరీ ముదిరితే లైటు లోపలికి పోదు, అప్పుడు అల్ట్రాసౌండ్ ఏ-స్కాన్ తీయాలి. ఆ ప్రోబ్‌ని కంటి మీద కాస్త గట్టిగా నొక్కినా పొడవు తగ్గి చూపిస్తుంది. అందుకే నీళ్ళ కప్పు పెట్టి తీసే ఇమ్మర్షన్ పద్ధతి మేలు. అమ్మగారికి ఏది తీశారో అడగండి, ఒక్కసారే తీసుంటే మళ్ళీ తీయమనండి, ఇందులో మొహమాటం వద్దు.

షుగర్ ఉంది కాబట్టి కంటి వెనక బొమ్మ పడే పొర, అదే రెటీనా, చూశారో లేదో కూడా కనుక్కోండి. మల్టీఫోకల్ సంగతి నా వరకు నేను వద్దనే అంటాను. అది వచ్చిన వెలుతురునే దూరానికీ దగ్గరకీ పంచుతుంది, కాబట్టి మసక వెలుతురులో పదును తగ్గుతుంది, రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. రేపు షుగర్ వల్ల రెటీనా దెబ్బతింటే ఆ పంచిన వెలుతురు అసలు చాలదు. సాయంత్రం ఒక్క బల్బు కింద కూర్చుని ఆకు కత్తిరించే మనిషికి అది వేయించడం నాకు మనసొప్పదు.

జవాబు (ఓటీ నర్సు, విశాఖ)

తమ్ముడూ, ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో నర్సుని, ప్రీలోడెడ్ గురించి నేను చెప్తాను, రోజూ చేతిలో పట్టుకునేది అదే. మడత లెన్స్ నడిమి బిళ్ళ 6 మిల్లీమీటర్లు ఉంటుంది, అటూ ఇటూ సన్నటి రెండు కాళ్ళుంటాయి, వాటిని హాప్టిక్స్ అంటాం, మొత్తం కలిపి 13 మిల్లీమీటర్ల దాకా. దాన్ని రెండు చిల్లర మిల్లీమీటర్ల కోత లోంచి పంపాలి. మామూలు పద్ధతిలో లెన్స్ చిన్న డబ్బాలో విడిగా వస్తుంది, ఫోర్సెప్స్‌తో తీసి, కార్ట్రిడ్జ్‌లో జెల్ వేసి, లెన్స్ పెట్టి రెక్కలు మూసి, ఇంజెక్టర్‌కి తగిలించి డాక్టర్ గారి చేతికి ఇస్తాం. ఇక్కడే తప్పు జరిగేది: కాలు మడతలో ఇరుక్కోవచ్చు, బిళ్ళ మీద గీత పడొచ్చు, తలకిందులుగా పెట్టేయొచ్చు. మామూలు మూడు ముక్కల లెన్సు గానీ ఒక ముక్క లెన్సు గానీ కంట్లో విచ్చుకున్నాక ఇంగ్లీషు ఎస్ అక్షరంలా కనిపించిందంటే తిరగబడిందని అర్థం, తిరగేసిన ఎస్ లా ఉండాలి. మా ఓటీలో కొత్తగా వచ్చిన పిల్లలకి మొదటి రోజే ఇది నేర్పిస్తాం.

ప్రీలోడెడ్ అంటే ఆ ఇంజెక్టర్‌లోనే లెన్స్ ఫ్యాక్టరీలో పెట్టి వస్తుంది. మనం జెల్ ఎక్కించి తోయడమే, లెన్స్‌ని ఎవరూ ముట్టుకోరు. అది మంచిదే, నాకు ఇష్టం కూడా. కానీ లోపలికి వెళ్ళాక ఆ లెన్సు ఈ లెన్సు ఒకటే, చూపులో తేడా ఉండదు. చేయి తిరిగిన టీం ఉంటే ఆ ఏడు వేల కోసం మీరు అప్పు చేయక్కర్లేదు. విచ్చుకోకపోవడం అనే భయం కూడా వద్దు, హైడ్రోఫోబిక్ లెన్స్, అంటే నీళ్ళు పీల్చని మెత్తటి ప్లాస్టిక్‌ది, ఏసీ చల్లదనానికి కాస్త నెమ్మదిగా విచ్చుకుంటుంది అంతే, ఆ నెమ్మది డాక్టర్ గారికి సుఖం కూడా, కాళ్ళు కంట్లో లెన్స్ కూర్చునే సంచిలో సర్దుకోడానికి టైం దొరుకుతుంది.

ఒకటి మాత్రం తప్పకుండా అడుగు, ఏ మోడల్ లెన్సుకి లెక్క కట్టారో అదే వేస్తారా అని. ప్రతి లెన్సు డబ్బా మీద ఏ-కాన్‌స్టెంట్ అని ఒక నంబర్ ఉంటుంది, మోడల్ మారితే అది మారుతుంది, దాంతో పవర్ కూడా మారుతుంది. చివరి నిమిషంలో ఆ కంపెనీది స్టాక్ లేదని అదే పవర్‌లో ఇంకోటి వేస్తే సైటు తేడా వస్తుంది.

జవాబు (రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు, తెనాలి)

నాకు రెండు కళ్ళకీ అయింది నాయనా, 2011లో ఒకటి, 2019లో ఒకటి. మీ వాడకట్టు ఆమెకి వేసిన గట్టి లెన్స్ పీఎంఎంఏ అనే ప్లాస్టిక్‌ది అయి ఉంటుంది, దాన్ని తక్కువ చేసి చూడొద్దు. ఈ లెన్సుల కథ మొదలైందే దానితో. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే ప్లాస్టిక్‌తో చేసిన విమానం అద్దం పగిలి పైలట్ల కళ్ళలో ముక్కలు గుచ్చుకున్నాయి, ఆ ప్లాస్టిక్ ముక్కల్ని కన్ను పెద్దగా కోపగించుకోకుండా భరించిందని హెరాల్డ్ రిడ్లీ గమనించాడు, 1949 నవంబర్ 29న లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదటిసారి లెన్స్ పెట్టాడు. సాటి డాక్టర్లు ఏళ్ళ తరబడి ఆయన్ని తిట్టారు. మా అమ్మకి చేసిన రోజుల్లో లెన్స్ వేయడమే లేదు, సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చి పంపేవారు, అవి పెట్టుకుని గుమ్మం ఎంత దూరమో తెలియక తడుముకునేది పాపం. 1992లో మధురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళు ఆరోల్యాబ్ పెట్టి ఇక్కడే లెన్సులు చేయడం మొదలుపెట్టాక గదా ధర నేలకి దిగి పేదవాడికి అందింది. ఇండియన్ లెన్స్ అనగానే నాసిరకం అనుకోకండి.

గట్టి దానికి కోత దాదాపు 6 మిల్లీమీటర్లు కావాలి, మానడానికి కాస్త ఎక్కువ రోజులు పడుతుంది. ఇంకోటి, నాకు మొదటి కంటికి మూడేళ్ళకి మళ్ళీ మసక వచ్చింది, లెన్స్ పాడైందని హడలిపోయాను. పాడయ్యేది లెన్స్ కాదు, దాని వెనక సంచి పొర. యాగ్ లేజర్‌తో ఐదు నిమిషాల్లో అయిపోయింది. లెన్స్ అంచు నలుపలకగా కోసినట్టు ఉంటే ఆ పొర త్వరగా మసకబారదు, హైడ్రోఫోబిక్‌లో ఇంకా తక్కువ. అంచేత డబ్బు పెట్టగలిగితే అక్కడ పెట్టండి. అన్నట్టు రెండో కంటికి చేసినచోట లెన్స్ కార్డు ఇవ్వలేదు, నేను నాలుగుసార్లు తిరిగి తెచ్చుకున్నాను. పవర్, మోడల్, సీరియల్ నంబర్ ఉన్న స్టిక్కర్ అది, పారేసుకోవద్దు.

జవాబు (కరీంనగర్)

అన్నా ఒక మాట, బీడీలు చేస్తది అని లెన్స్ పవర్ దగ్గర చూపుకు పెట్టియ్యకుండ్రి. మా మామకు రెండు కండ్లు దగ్గరకే పెట్టిచ్చినం, పేపర్ మంచిగ చదువుతడు గని బస్సు బోర్డు కనవడది, ఎదురుంగ వచ్చేటోళ్ళను గుర్తువట్టడు, అద్దాలు పెట్టుకో అంటే పెట్టుకోడు. దూరం పెట్టిచ్చి దగ్గరకు రెండు మూడు వందల రూపాయల అద్దాలు కొనిస్తే అయిపాయె.

ప్రశ్న అడిగినాయన

అందరికి దండాలు. టేపు పెట్టి కొలిచిన, అమ్మ కన్ను నుంచి చాటల ఆకు దాక 50 సెంటీమీటర్లు ఉన్నది. పోయినేటి చీటీ కూడ దొరికింది, కుడి కన్ను మైనస్ 2.25, ఎడమ దానికి ఏం లేదు.

జవాబు (ఆప్టోమెట్రిస్ట్, గుంటూరు)

చూశారా, జవాబు ఆ చీటీలోనే ఉంది. 50 సెంటీమీటర్లు అంటే 1ని అర మీటరుతో భాగిస్తే 2, అంటే మైనస్ 2 దగ్గర ఉన్న కన్ను ఆ చాటని అద్దాలు లేకుండా చూస్తుంది. మీ అమ్మగారు పోయినేడు కుడి కంటితో దగ్గర, ఎడమ కంటితో దూరం చూస్తూ బతికారు, తల తిరగడం లాంటివేమీ చెప్పలేదు, పైగా సంబరపడ్డారు. కరీంనగర్ తమ్ముడు చెప్పిందీ నిజమే, కానీ అక్కడ రెండు కళ్ళూ దగ్గరకే పెట్టారు. ఇక్కడ ఎడమ కన్ను దూరానికి ఉంది, రేపు దానికి చేసినా దూరానికే పెట్టించుకోవచ్చు. కుడి కన్నుని మైనస్ ఒకటిన్నర నుంచి రెండు లోపు ఎక్కడ ఆపాలో డాక్టర్ గారు చూసి చెప్తారు, చీటీ, టేపు కొలత రెండూ చూపించండి. బీడీలు చేస్తారన్న సంగతి ఆయనకి తెలుసా అసలు?

ప్రశ్న అడిగినాయన (మూడు వారాల తర్వాత)

తెల్వదట. చెప్పంగనే సార్ కుర్చీ ముందటికి జరుపుకొని పదిహేను నిమిషాలు మాట్లాడిండు. కొలత మళ్ళ తీసిండ్రు, ఇమ్మర్షన్‌తోటి. రెటీనా బాగనే ఉన్నదన్నరు. హైడ్రోఫోబిక్ మోనోఫోకల్, అంటే దగ్గరకో దూరానికో ఒక్కదానికే పనిచేసేది, వేయించిన, ప్రీలోడెడ్ తీసుకోలే. ఆపరేషన్ అయినంక కన్ను మైనస్ 1.5 దగ్గర ఆగేటట్టు పెట్టిండ్రు. కార్డు అడిగి తీసుకున్న, లెన్స్ పవర్ 22.5 అని ఉన్నది. అమ్మ పట్టీ తీసిన రోజే నా అంగీ గుండీల దారం రంగు వేరే ఉన్నదని చెప్పింది. ఇప్పుడు చాట ముందట పెట్టుకుంట అని పోరు పెడుతున్నది, పెట్టుకోనియ్యాల్నా?

జవాబు (ఓటీ నర్సు, విశాఖ)

ఇప్పుడే వద్దు తమ్ముడూ. చూపుకి ఇబ్బంది లేదు, పొగాకు దుమ్ముతోనే భయం, ఆ చేతితో కన్ను నలిపితే ఇన్‌ఫెక్షన్. చుక్కలు పూర్తయి డాక్టర్ గారు సరే అనేదాకా ఆగమను. ఆ తర్వాత కూడా మొదట్లో ప్లెయిన్ అద్దాలు పెట్టుకుని చేయమను, చుక్కలు వేసే ముందు చేతులు సబ్బుతో కడగాలి. ఎర్రబడినా నొప్పి వచ్చినా చూపు తగ్గినా తెల్లారేదాకా చూడకుండా అదే రోజు తీసుకెళ్ళు.