ఊదా అంచు తీసెయ్యాల్సిందేనా? కబ్బన్ పార్క్ జకరండా ఫొటో మీద చర్చ

ఊదాపూలు:
ఉగాదికి బెంగళూరులో మా తెలుగు ఫొటో బృందం పెట్టే ప్రదర్శనకు ఒక ఫొటో పంపాను. కబ్బన్ పార్క్‌లో జకరండా చెట్టు, కింద నుంచి పైకి చూస్తూ తీసింది. వెనక మబ్బు పట్టిన తెల్లటి ఆకాశం. 50 ఎమ్ఎమ్ లెన్సు, ఎపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే కన్నం) బాగా తెరిచి ఎఫ్/1.8. "కొమ్మల చుట్టూ ఊదా గీత ఉంది, డీఫ్రింజ్ చేసి మళ్ళీ పంపండి" అని తిప్పి పంపారు. అంటే సాఫ్ట్‌వేర్‌తో ఆ అంచు రంగు తీసెయ్యడం. చేశాను. కొమ్మలు శుభ్రపడ్డాయి, పూలేమో బూడిద రంగుకు తిరిగాయి. జకరండా పువ్వు రంగే ఊదా కదా! ఆ అంచు తీసెయ్యడం తప్పనిసరా? అసలది లెన్సు వల్ల వచ్చిందా, సెన్సర్ వల్లా, నేను తీసిన తీరు వల్లా?

పెళ్ళిఫొటో:
సెన్సరేనండీ. ఆకాశం పూర్తిగా తెల్లబడిపోయింది. పిక్సెల్ నిండిపోయి పక్కదాంట్లోకి పొంగుతుంది, దాన్నే బ్లూమింగ్ అంటారు. మండపంలో సీరియల్ లైట్ల చుట్టూ రోజూ చూస్తుంటా. ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుతురు సగానికి కోసి, తీస్తే పోతుంది. పాపం లెన్సును అనకండి.

గాజుపిచ్చి:
పెళ్ళిఫొటో గారూ, పొంగడమే కారణమైతే ఎపర్చర్ మార్చినా అంచు అలాగే ఉండాలి. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి అదే కొమ్మను ఎఫ్/1.8లో ఒకటి, కన్నం చిన్నదయ్యే ఎఫ్/4లో ఒకటి తీయండి. రెండోదానికి షట్టర్ ఎక్కువసేపు తెరిచి, రెండింట్లోనూ ఆకాశం ఒకేలా తెల్లబడేట్టు చూసుకోండి. సెన్సర్ మీద పడిన వెలుతురు రెండుసార్లూ ఒకటే. అయినా రెండోదాంట్లో అంచు చాలావరకు పోతుంది. ఇక సెన్సర్‌ను ఎలా తప్పుపడతారు? పైగా బ్లూమింగ్ సీసీడీలనే పాత రకం సెన్సర్ల జబ్బు. అదీ దీపానికి పైనా కిందా నిలువు చారలా వచ్చేది.

అసలు సంగతి గాజులో ఉంది. గాజు ఒక్కో రంగును ఒక్కోలా వంచుతుంది. దీనికి మందు లేదనుకునే న్యూటన్ 1668లో అద్దంతో టెలిస్కోప్ చేసుకున్నాడు. 1758లో లండన్‌లో జాన్ డాలండ్ రెండు రకాల గాజులు కలిపి, రెండు రంగులు ఒకేచోట ఫోకస్ అయ్యే కటకానికి పేటెంట్ తీసుకున్నాడు. (అంతకుముందే చెస్టర్ మూర్ హాల్ అలాంటిది చేశాడు, పేరు మాత్రం డాలండ్‌కు దక్కింది.) మీ 50 ఎమ్ఎమ్ లోపలా పనిచేసేది ఆ ఉపాయమే. కానీ రెండు రంగుల్ని కలిపితే మిగతావి సరిగ్గా అక్కడే వచ్చి పడవు. పచ్చ పదునుగా పడినచోట, 400 నానోమీటర్ల దగ్గరి వంగపండు రంగూ అటు చివరి ఎరుపూ చెదిరి పడతాయి. ఆ రెండూ కలిసి నల్లటి కొమ్మ మీదికి పాకుతాయి. అదే మీ గీత. ఎపర్చర్ మూస్తే ఆ చెదురు తగ్గుతుంది. ఫోకస్‌కు ముందున్న కొమ్మల మీద ఊదాగా, వెనకున్న వాటి మీద పచ్చగా కనబడటం కూడా ఇందుకే.

మరి ఒక స్టాప్ తగ్గిస్తే? పోదు, దాక్కుంటుంది. చెదిరిన వెలుతురు చాలా పలచన. ఆకాశాన్ని అతిగా పెంచినప్పుడే అది కూడా కంటికి ఆనుతుంది.

పూర్తిగా వదిలించుకోవాలంటే న్యూటన్ దారే. కోరమంగళలోని ఐఐఏ (భారత ఖగోళ భౌతిక సంస్థ) వాళ్ళకు తమిళనాడులోని కవలూరులో ఉన్న 2.34 మీటర్ల టెలిస్కోప్ అద్దందే. కెమెరాలకూ 500 ఎమ్ఎమ్ మిర్రర్ లెన్సులు దొరుకుతాయి. రంగు అంచు దాదాపు రాదు, కాకపోతే వెనక వెలుగు చుక్కలన్నీ గారెల్లా మధ్యలో చిల్లుతో వస్తాయి.

కొత్తసభ్యుడు:
ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌లో 'రిమూవ్ క్రొమాటిక్ అబెర్రేషన్' (రంగు అంచులు తీసెయ్యి) టిక్ పెడితే అయిపోతుంది కదా, ఇంత టెన్షన్ ఎందుకు?

గాజుపిచ్చి:
ఆ టిక్ ఫ్రేము మూలల్లో కనబడే రంగు అంచులకు తమ్ముడూ. అక్కడ ఒక్కో రంగు బొమ్మ ఒక్కో సైజులో పడుతుంది. ఎపర్చర్ మూసినా పోదు, కానీ సాఫ్ట్‌వేర్ ఎరుపునూ నీలాన్నీ కొంచెం సాగదీసి పచ్చతో సరిపెట్టేస్తుంది. ఊదాపూలు గారిది వేరే రకం. డీఫ్రింజ్ స్లైడర్ సరిపెట్టదు, అంచుల్లో ఆ రంగు కనబడిన చోటల్లా రంగు పీకేస్తుంది. వేసింది లెన్సా పువ్వా అన్నది దానికి తెలీదు.

మెట్రోజనం:
మెట్రో పర్పుల్ లైన్ ఎలాగూ కబ్బన్ పార్క్ కింద నుంచే పోతోంది, ఒక కొమ్మెక్కితే ఏమైంది? ఫోన్‌లో చూస్తే నాకేం కనబళ్ళేదు.

ఎంపికబల్ల:
తిప్పి పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఫోన్‌లో కనబడదు, నిజమే. కానీ ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్ళు, మేం వేసేది 20 అంగుళాల ప్రింట్. 4 పిక్సెళ్ళ గీత అక్కడ మిల్లీమీటరులో మూడో వంతు. దగ్గరికొచ్చి చూసేవాళ్ళకు తెలుస్తుంది. అయినా మా అభ్యంతరం గీత అందం గురించి కాదు. జకరండా ఆకు రాల్చి పూస్తుంది, పూలపక్కనే బోడి రెమ్మలు బోలెడు. ఈ ఫొటోలో సన్న రెమ్మలకు రెండు వైపులా ఊదా పట్టి, పూయని రెమ్మ కూడా పూసినట్టుంది. చెట్టుకు లేని పూలు చూపిస్తోంది.

ఊదాపూలు:
సరే, ఉన్న పూలను బూడిద చెయ్యడం మాత్రం నిజం చూపించడమా? లేని పూలు వద్దంటున్నారు, ఉన్నవి పోతే మీకు పట్టట్లేదు.

ఎంపికబల్ల:
మొత్తం ఫొటోకు చెయ్యమనలేదండీ. బ్రష్ తీసుకుని బోడి రెమ్మల మీద మాత్రమే డీఫ్రింజ్ చెయ్యండి, పూలను ముట్టుకోకండి.

రాఫైల్:
ఇది ఇంకా దారుణం. స్లైడర్ అయితే గుడ్డిదే అయినా అందరికీ ఒకే న్యాయం చేస్తుంది. ఏ రెమ్మ పూసిందో ఏది బోడిదో గుర్తు తెచ్చుకుంటూ రంగు తుడవడమంటే చెట్టును కూర్చుని గీసినట్టే. దానికంటే గీత ఉంచి, కింద 'ఎఫ్/1.8' అని రాసెయ్యడం నయం. నా ఓటు మళ్ళీ తీయడానికి. పూలు ఇంకా ఉన్నాయి.

గాజుపిచ్చి:
రాఫైల్ గారి మాటే నాదీ. ఆకాశం ముందు కొమ్మకు ఎఫ్/1.8 ఎందుకసలు? వెనక మసకబరచడానికి ఏముంది? ఎఫ్/4 పెట్టండి, ఆకాశం తెల్లబడకుండా మీటర్ చూసుకోండి. మబ్బు లేని పొద్దున వెళ్తే ఇంకా మంచిది. నీలి ఆకాశానికీ కొమ్మకూ అంత తేడా ఉండదు.

పెళ్ళిఫొటో:
పార్కులో సరే. నా మండపంలో ఎఫ్/1.8 నుంచి ఎఫ్/4కు వెళ్ళమంటే వెలుతురు చాలక పెంచే ఐఎస్ఓ 1600 కాస్తా 8000 అవుతుంది. పెళ్ళికూతురి అమ్మ ఆల్బమ్ తిరగేస్తూ ఊదా అంచు గురించి అడగదు, మొహం మీద ఈ చుక్కల గ్రెయిన్ ఏంటని అడుగుతుంది. నేను ఒక స్టాప్ తగ్గించే తీస్తా.