జర్మనీకి పంపే హెయిర్ ఆయిల్ లేబుల్ మీద అలర్జెన్లు (అలర్జీ కలిగించే సువాసన పదార్థాలు) ఎలా వేయాలి?

జీడిమెట్ల_యూనిట్:
మల్లె హెయిర్ ఆయిల్, కుంకుడుకాయ షాంపూ పంపాలండి. రెండిట్లోనూ పర్‌ఫ్యూమ్ 0.6%, ఆయిల్‌లో అదనంగా లవంగ నూనె 0.05%. సప్లయర్ ఇఫ్రా (అంతర్జాతీయ సువాసన పదార్థాల సంఘం) సర్టిఫికెట్ ఇచ్చాడు. లేబుల్ మీద ‘పర్‌ఫ్యూమ్’ అని వేస్తే చాలా? పాత 26 పేర్ల అలర్జెన్ లిస్టే చూడాలా?

లేబుల్_లెక్కలు:
చాలదు. యూరోపియన్ యూనియన్ 2023/1545 రెగ్యులేషన్ ఆ లిస్టుకి ఇంకో 56 చేర్చింది, మొత్తం 80 దాటాయి. ఒళ్లు మీద ఉండిపోయేవాటిలో 0.001%, కడిగేసేవాటిలో 0.01% దాటిన ప్రతి అలర్జెన్ పేరూ వేయాలి. ఈ శాతాలు పర్‌ఫ్యూమ్‌లో కాదు, తయారైన సరుకులో. పొరపాటు ఎక్కువగా ఇక్కడే.

లిస్టులో ఉన్న లినలూల్, యూజినాల్ అనే రెండు అలర్జెన్లు తీసుకుందాం. మీ పర్‌ఫ్యూమ్‌లో లినలూల్ 9% ఉందనుకోండి. 0.6లో 9 శాతం అంటే 0.054%, రెండు లేబుళ్ల మీదా వేయాలి. యూజినాల్ 0.1% ఉంటే 0.0006%, ఎక్కడా అక్కర్లేదు. కానీ ఆగండి, లవంగ నూనెలో యూజినాల్ దాదాపు 80%. దాన్నుంచే 0.04% వచ్చి పడుతుంది. అన్ని మూలాలూ కలిపి లెక్కేయాలి గనక ఆయిల్ మీద యూజినాల్ వేయక తప్పదు. లవంగ నూనె కూడా కొత్త లిస్టులో ఉంది, కాబట్టి దాని పేరూ, యూజినాల్ పేరూ రెండూ రావాలి.

జీడిమెట్ల_యూనిట్:
హెయిర్ ఆయిల్ తలంటుకుంటే పోతుంది కదండీ, కడిగేసేది అనుకోవచ్చా?

లేబుల్_లెక్కలు:
గంటల తరబడి తల మీద ఉండేదాన్ని అలా చూపించకండి. 0.001% లెక్కనే వెళ్లండి.

అత్తరు_గల్లీ:
ఇఫ్రా సర్టిఫికెట్ ఈ పనికి రాదు. అది ఏ రకం సరుకులో ఎంత వరకు వాడొచ్చో చెబుతుంది, అంతే. సప్లయర్‌ని అలర్జెన్ డిక్లరేషన్ అడగండి, 80కి పైగా ఉన్న కొత్త లిస్టు ప్రకారం. 26 పేర్ల పాత కాగితమే పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. చార్మినార్ దగ్గర అత్తరు కొని కలిపేవాళ్లూ చూసుకోవాలి: చందన తైలం, మల్లె, గులాబీ తైలాలు కూడా లిస్టులో ఉన్నాయి. సహజం కదా అని మినహాయింపు లేదు. సహజ నూనెల్లో శాతాలు బ్యాచ్‌కో రకంగా ఉంటాయి, అందుకే స్పెక్‌లోని (సప్లయర్ ఇచ్చే నూనె వివరాల కాగితంలోని) గరిష్ఠ విలువతోనే లెక్క కట్టండి.

ఇంకోటి, లిమోనీన్, లినలూల్ గాలి తగిలి ఆక్సీకరణం చెందితే అలర్జీ గుణం పెరుగుతుంది. మన ఏప్రిల్, మే ఎండల్లో డ్రమ్ములు షెడ్డులో సగం ఖాళీగా పెట్టకండి.

లేబుల్_లెక్కలు:
గడువులు: 2026 జులై 31 నుంచి మార్కెట్లోకి వచ్చే కొత్త సరుకు కొత్త లిస్టు ప్రకారమే ఉండాలి. అప్పటికే మార్కెట్లో ఉన్న పాత లేబుల్ సరుకుకి 2028 జులై 31 దాకా సమయం. పేర్లు ఇన్‌కీ (కాస్మెటిక్స్‌లోని పదార్థాలకి అంతర్జాతీయంగా వాడే పేర్లు) పద్ధతిలోనే వేయండి. 1% లోపువాటిని, 1% పైవాటి తర్వాత ఏ వరసలోనైనా రాయొచ్చు. సీసా చిన్నదై చోటు లేకపోతే ఇంగ్రీడియెంట్లు ట్యాగ్ మీదో, లోపల కాగితం మీదో వేసి, బయట చేయి-పుస్తకం గుర్తు (వివరాలు వేరే కాగితంలో చూడమని చెప్పే, పుస్తకం మీద చేయి ఉన్న బొమ్మ) పెడతారు.