సైకిల్ మీద రెడ్ సిగ్నల్ దాటేయడం – మీ అనుభవాలు చెప్పండి

పొద్దున్నే_పెడల్:
తొమ్మిదేళ్లుగా రోజూ సైకిల్ మీదే డ్యూటీకి వెళ్లొస్తున్నాను. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా కనిపిస్తే రెడ్ ఉన్నా ఆగేవాణ్ని కాదు, అటూ ఇటూ చూసుకుని వెళ్లిపోయేవాణ్ని. మొన్న సోమవారం కూడా అంతే. అడ్డ రోడ్డు మీద ఒక బస్సు వచ్చి నన్ను చూసి స్లో అయింది, డ్రైవరు వెళ్లమన్నట్టు చెయ్యి ఊపాడు. నేను బస్సు ముందు నుంచి దాటుతుంటే దాని అవతలి లేన్‌లోంచి ఒక బైక్ వచ్చేసింది. అతనికి గ్రీన్ ఉంది, స్పీడు కూడా ఎక్కువేం లేదు. మధ్యలో బస్సు అడ్డం ఉండటంతో నాకు అతనూ అతనికి నేనూ కనపడలేదు, అంతే. నా ముందు రిమ్ము వంకరపోయింది. అతను బైక్‌తో పాటు జారుకుంటూ డివైడర్ దాకా వెళ్లాడు, మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. హెల్మెట్ తీసి రోడ్డు పక్కన కూర్చుని, "మీరు వస్తారని నేనెలా అనుకుంటానండీ" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. వారం నుంచీ ఆ మాటే చెవిలో తిరుగుతోంది.

మీలో ఎవరెవరు జంప్ చేస్తారు, ఎందుకు చేస్తారు, మానేసినవాళ్లు ఎలా మానేశారు? ఎవర్నీ తప్పు పట్టడానికి అడగట్లేదు.

గేర్లు_లేవు:
నేను చేస్తాను అన్నా, దాచను. కానీ టైం కలిసొస్తుందని కాదు. గ్రీన్ పడేదాకా లైన్ మీద నిలబడితే వెనకున్న కార్లూ బస్సులూ అన్నీ ఒక్కసారిగా కదులుతాయి. బయలుదేరిన మొదటి మూడు నాలుగు తొక్కుళ్లలో సైకిల్ కొంచెం ఊగుతుంది కదా, సరిగ్గా అప్పుడే భుజం పక్కన బస్సు హారన్ కొడుతుంది. అందుకే అడ్డ రోడ్డుకి ఆరెంజ్ పడి రెడ్ అవగానే, నాకు గ్రీన్ రాకముందే ఒక రెండు సెకన్ల ముందు బయలుదేరతాను. గుంపు కదిలేసరికి నేను అవతల ఉంటాను. నాకైతే ఇదే సేఫ్ అనిపిస్తుంది.

సిగ్నల్_పెట్టె:
నేను సిగ్నళ్ల టైమింగ్ పనిలో ఉన్నాను. గేర్లు_లేవు గారూ, మీ భయం నిజమే, అది కొట్టిపారేసేది కాదు. కానీ మీరు ఎంచుకున్న ఆ రెండు సెకన్లే జంక్షన్‌లో అన్నిటికంటే చెడ్డ సమయం. ఆరెంజ్ సాధారణంగా 3 సెకన్లు ఉంటుంది, ఆ తర్వాత అన్ని వైపులా రెడ్ ఒకటి రెండు సెకన్లు పెడతాం, లోపల ఉన్నవాళ్లు బయటపడటానికి. ఆరెంజ్ చూసి ఆగకుండా స్పీడు పెంచినవాడు సరిగ్గా అప్పుడే మధ్యలో ఉంటాడు. అంటే రెడ్ పడ్డాక కూడా దూసుకొచ్చేవాడూ, గ్రీన్ పడకముందే బయలుదేరేవాడూ ఒకే చోట కలుస్తారు.

ఇంకో సంగతి, దీన్ని సైకిల్ తొక్కేవాళ్లు చాలామంది లెక్కలోకి తీసుకోరు. గంటకు 15 కిలోమీటర్ల స్పీడులో సైకిల్ సెకనుకు 4 మీటర్ల చిల్లర వెళ్తుంది. జంక్షన్ వెడల్పు 30 మీటర్లనుకోండి, దాటడానికి 7 సెకన్లు. ఆరెంజ్, ఆ ఒకటి రెండు సెకన్ల రెడ్ కలిపినా 5 దాటట్లేదు. కాబట్టి ఆరెంజ్ పడ్డాక దూరిన సైకిల్, రూల్ ప్రకారం ఏ తప్పూ చేయకపోయినా, అడ్డ రోడ్డుకి గ్రీన్ పడేసరికి ఇంకా నడిమధ్యలోనే ఉండిపోవచ్చు. చాలా సిగ్నళ్ల లెక్కలు కార్ల స్పీడు మీదే కడతారు. ఇది మా వైపు లోపం, ఒప్పుకుంటాను. సైకిళ్లు ఎక్కువ తిరిగే చోట ఆ టైం పెంచాలి, సైకిళ్లకు కొన్ని సెకన్ల ముందే గ్రీన్ ఇవ్వాలి, కార్ల లైన్‌కి ముందు సైకిళ్లు నిలబడే జాగా గీయాలి. ఇవి చాలా దేశాల్లో ఎప్పటినుంచో ఉన్నవే.

నాలుగో_లేన్:
అసలు సైకిల్‌కీ కారుకీ ఒకే రూల్ ఎందుకుండాలి? అమెరికాలో ఐడహో రాష్ట్రంలో 1982 నుంచీ స్టాప్ బోర్డు దగ్గర సైకిల్ వాళ్లు పూర్తిగా ఆగక్కర్లేదు, స్లో చేసి దారి ఇచ్చి వెళ్లొచ్చు. రెడ్ దగ్గర కూడా ఆగి, ఎవరూ రావట్లేదంటే వెళ్లొచ్చు. పారిస్‌లో కొన్ని సిగ్నళ్ల కింద చిన్న త్రికోణం బోర్డు ఉంటుంది, సైకిల్ బొమ్మ, బాణం గుర్తు. ఆ బాణం వైపు రెడ్‌లో కూడా వెళ్లనిస్తారు. అక్కడ కుదిరింది మనం చేస్తే నేరమా?

సిగ్నల్_పెట్టె:
పూర్తి రూల్ చూడండి. ఐడహోలో రెడ్ దగ్గర ముందు పూర్తిగా ఆగాలి. అమెరికాలోనే డెలవేర్ రాష్ట్రం 2017లో ఇలాంటి చట్టమే తెచ్చింది కానీ స్టాప్ బోర్డులకే, అదీ చిన్న రోడ్ల మీదే, రెడ్‌కి వర్తించదు. పారిస్‌లో బోర్డు ఉన్న చోటే, ఉన్న దిక్కుకే, అక్కడ కూడా నడిచేవాళ్లు ముందు. అక్కడ కారు నడిపేవాళ్లకి ఆ బోర్డు కనపడుతుంది, సైకిల్ రావచ్చని ముందే తెలుసు. పై పోస్టులో బైక్ అతను అన్నది అదే కదా, మీరు వస్తారని అతనికి తెలియదు.

ఇంకో విషయం. మెల్‌బోర్న్‌లో జంక్షన్ల దగ్గర కెమెరాలు పెట్టి రెడ్ ఎదురైన 4,000 మందికి పైగా సైకిల్ వాళ్లను గమనించి 2011లో ఫలితాలు వేశారు. ఆగకుండా వెళ్లింది 7 శాతం లోపే, అందులోనూ రోడ్డు అంచునే పక్కకి తిరిగిపోయేవాళ్లే ఎక్కువ. "సైకిల్ వాళ్లందరూ ఇంతే" అనే మాట నాకు అందుకే నచ్చదు.

లారీ_స్టీరింగ్:
22 ఏళ్లుగా లారీ తోలుతున్నా. రెడ్ జంప్ చేసినోడు నాకు ముందు కనపడతాడు, తిట్టుకుంటూ బ్రేక్ వేస్తా. నాకు నిద్ర పట్టనియ్యంది రూల్ ప్రకారం ఆగి, నా క్లీనర్ వైపు బండికీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందులో నిలబడినోడు. పై నుంచి చూస్తే డోరు కింద ఏముందో కనపడదు, అద్దంలో కూడా సగమే. గ్రీన్ పడ్డాక నేను ఆ వైపు తిరిగితే ముందు చక్రాలు వెడల్పుగా పోతాయి, వెనక చక్రాలు మాత్రం లోపలికి కోసుకుంటూ వస్తాయి. చూస్తుండగానే సందు మూసుకుపోతుంది. ఒకసారి క్లీనర్ కుర్రాడు డోరు మీద దబదబా కొట్టి ఆపించాడు. దిగి చూస్తే పదిహేనేళ్ల పిల్ల, చక్రానికీ రాయికీ మధ్య హ్యాండిల్ ఇరుక్కుని ఉంది, స్కూల్ బ్యాగు టైరుకి ఆనుకుంది. పిల్లకి ఏమీ కాలేదు. నా చేతులు మాత్రం గంట దాకా వణికాయి. నా మొహం మీకు కనపడకపోతే మీరు నాకు కనపడనట్టే అమ్మా. ముందు జాగా లేకపోతే బండి వెనకే ఉండండి, పక్కకి రాకండి.

గేర్లు_లేవు:
అన్నా, నేను రోజూ ఆ సందులోంచే ముందుకు వెళ్లి లైన్ దగ్గర నిలబడతాను. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

తెల్లకర్ర_తోడు:
మా అక్కకి చూపు లేదు. ఒంటరిగానే ఆఫీసుకి వెళ్తుంది. రోడ్డు ఎలా దాటుతుందో చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నాను. ముందున్న ఇంజిన్లు ఆగిన శబ్దం, పక్క రోడ్డు బండ్లు ఒక్కసారిగా కదిలిన శబ్దం, ఈ రెండూ విని అడుగు వేస్తుంది. అంటే బండ్లన్నీ ఆగాయని నమ్మి దిగుతుంది. సైకిల్‌కి ఇంజిన్ శబ్దం ఉండదు. పోయిన ఏడాది జీబ్రా క్రాసింగ్ మీద రెడ్‌లో ఆగకుండా వచ్చిన సైకిల్ చువ్వల్లో అక్క కర్ర ఇరుక్కుని విరిగిపోయింది. ఆ అబ్బాయి సారీ చెప్పి, పాపం టైం అయిపోతోందని వెళ్లిపోయాడు. కర్ర లేకుండా అక్క రోడ్డు మధ్యలో, ఏ వైపు తిరిగి ఉందో కూడా తెలియక నిలబడిపోయింది. దెబ్బ ఏమీ తగల్లేదు. కానీ రెండు నెలలు ఒంటరిగా బయటికి వెళ్లలేదు. పన్నెండేళ్లుగా వెళ్తున్న దారి అది. "నేను అటూ ఇటూ చూసుకునే వెళ్తాను" అనేవాళ్లు ఇది కూడా చూసుకోండి దయచేసి.

నాలుగో_లేన్:
ఇది నేను ఆలోచించలేదు. అక్కకి ఇప్పుడు ఎలా ఉంది?

తెల్లకర్ర_తోడు:
మళ్లీ వెళ్తోంది. ఆ జంక్షన్ దగ్గర మాత్రం ఎవరినైనా చెయ్యి అడుగుతుంది, ఇంతకుముందు అడిగేది కాదు.

రాత్రి_షిఫ్టు:
అందరూ చెప్పింది ఒప్పుకుంటాను. నాది వేరే సమస్య. రాత్రి రెండింటికి మా దారిలో ఒక సిగ్నల్ ఎంతసేపు నిలబడినా మారదు. కారు వస్తే మారుతుంది. ఐదారు నిమిషాలు చూసి, విసుగొచ్చి వెళ్లిపోతాను. అది కూడా తప్పేనా?

సిగ్నల్_పెట్టె:
మీ తప్పు కాదు, బండి వచ్చిందని పసిగట్టే సెన్సార్, అంటే రోడ్డు కింద ఉండే వైరు చుట్ట, మిమ్మల్ని గుర్తించట్లేదు. లైన్ దగ్గర రోడ్డు కోసి తారు పూసిన గీత చతురస్రంలా కనిపిస్తుంది చూడండి, వైరు దాని కిందే ఉంటుంది. చాలామంది దాని మధ్యలో నిలబడతారు, సైకిల్ అక్కడే అన్నిటికంటే తక్కువగా తెలుస్తుంది. బరువుతో పనిలేదు, లోహం కావాలి, ఇనుమైనా అల్యూమినియమైనా పర్వాలేదు. రెండు చక్రాలూ ఆ పక్క గీత మీదే పడేలా ఆపండి. అయినా మారకపోతే దిగి, నడిచేవాళ్ల బటన్ ఉంటే నొక్కి, సైకిల్ నడిపించుకుంటూ దాటండి. ఆ సిగ్నల్ చూసేవాళ్లకి టైంతో సహా కంప్లైంట్ రాయండి. సెన్సార్ సర్దడం పెద్ద పని కాదు, ఎవరూ చెప్పకే అలా వదిలేస్తారు.

పొద్దున్నే_పెడల్:
రిమ్ము మార్చాను. బైక్ అతనికి ఫోన్ చేశాను, గాయం మానుతోందట, ఎడం చేతి వేళ్లు మాత్రం ఇంకా సరిగ్గా ముడుచుకోవట్లేదట. హాస్పిటల్ ఖర్చు నేనే కడతానన్నాను, ఆదివారం కలవమన్నాడు.

ఇవాళ అదే జంక్షన్‌లో ఆగాను. రోడ్డు మీద ఒక్క బండి లేదు. మూడు నాలుగు సార్లు కాలు పెడల్ మీదకి దానంతట అదే వెళ్లింది. చివరికి కాలు కింద ఆనించి, గ్రీన్ పడేదాకా నంబర్లు లెక్కపెట్టాను. 70 దాకా వచ్చింది.

రాత్రి_షిఫ్టు:
గీత మీద ఆపి చూశాను. మూడో నిమిషం లోపే గ్రీన్ పడింది! సిగ్నల్_పెట్టె గారూ, చాలా థాంక్స్ అండి.