వాక్యూమ్ హబ్బులు బాగుచేయించుకోవాలా, తీసేసి చేతి హబ్బులు వేయించుకోవాలా?

హగరిగట్టు (రాయదుర్గం):

నా దగ్గర పదేళ్లు దాటిన డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ఉంది. వేరుశనగ బస్తాలు, డ్రిప్ పైపులు వేసుకుని వారానికి రెండు మూడు సార్లు బొమ్మనహాళ్ వైపు హగరి ఇసుకలో దిగక తప్పదు. పోయిన నెల ఇసుకలో ముందు చక్రాలు ఏమాత్రం లాగలేదు. లోపల ఫోర్ వీల్ దీపం వెలుగుతూనే ఉంది, వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి, చివరికి ట్రాక్టరుతో లాగించుకున్నాను. అనంతపురంలో ఒక షెడ్డులో చూపిస్తే ముందు చక్రాలను షాఫ్టులకు గాలి పీల్పుతో (వాక్యూమ్) కలిపే రెండు హబ్బులూ పోయాయని, కొత్త జత కొనమని, లేదా చేత్తో తిప్పి లాక్ చేసే హబ్బులు వేయించుకోమని చెప్పారు. హబ్బులను విప్పి చూడకుండానే ఆ మాట చెప్పారు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

నల్లరేగడి (ఆదోని):

చేతి హబ్బులే వేయించుకోండి. వర్షం పడ్డాక మా రేగడిలో బండి దిగబడితే రబ్బరు పైపు ఎక్కడ చిట్లిందో వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. చేతి హబ్బుకు పైపు లేదు, సొలినాయిడ్ (వాక్యూమ్‌ను తెరిచి మూసే కరెంటు కవాటం) లేదు, తెగిపోవడానికి లోపల రబ్బరు పొర లేదు. పొలం గట్టు దగ్గర దిగి రెండు వైపులా తిప్పి, పని అయ్యాక మళ్లీ విడిపిస్తే చాలు.

పెన్నఒడ్డు (జమ్మలమడుగు):

నల్లరేగడి గారి మాటలో నిజం ఉంది, కానీ అది రెండో అడుగు. పరీక్షించకుండా హబ్బు పోయిందని తీర్పు చెప్పడమే నాకు మింగుడుపడటం లేదు.

ఆ దీపం ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు ఇరుసుకూ పంచే గేరు పెట్టె) కలిసిందని మాత్రమే చెబుతుంది, హబ్బు పట్టిందని చెప్పదు. పైగా ముందు ఇరుసులో ఉన్నది మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు) అయితే, ఒక్క వైపు హబ్బు పట్టకపోయినా ఆ వైపు షాఫ్టు ఊరికే తిరిగిపోతుంది, పట్టిన వైపు చక్రానికి కూడా బలం అందదు. అంటే ఒక్క హబ్బు చెడితే రెండూ చెడినట్టే కనిపిస్తుంది. మొదట ముందు భాగాన్ని జాకీల మీద లేపి స్టాండ్లు పెట్టండి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టండి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఇంజను నడుస్తుండగా ఫోర్ వీల్ వేయండి. ఒక ముందు చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిశలో తిరగాలి. అలా తిరిగితే రెండు హబ్బులూ పట్టినట్టే. తిరగకపోతే ఏ వైపు షాఫ్టు చక్రంతో పాటు కదలడం లేదో కింద నుంచి చూడండి.

తరువాత వాక్యూమ్ సంగతి. డీజిల్ ఇంజను ఇన్‌టేక్‌లో పెట్రోలు ఇంజనులో ఉన్నంత వాక్యూమ్ పుట్టదు కనుక దానికి వేరే పంపు ఉంటుంది. చాలా బండ్లలో బ్రేకు బూస్టరుకు ఊపిరి అదే. పంపు దగ్గర గేజి తగిలించి చూడండి. రాయదుర్గం, అనంతపురం లాంటి ఎత్తైన ఊళ్లలో గాలి పీడనమే 710 నుంచి 730 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది కనుక సముద్రమట్టపు 760 రాలేదని పంపును తప్పుపట్టకండి. 600 దాటి నిలిస్తే పంపు ఆరోగ్యంగా ఉన్నట్టే. అక్కడి నుంచి సొలినాయిడ్‌కు 12 వోల్టులు అందుతున్నాయా, టిక్కుమంటోందా చూసి, దాన్ని పక్కన పెట్టి పైపులను నేరుగా కలిపి మళ్లీ చూడండి. చివరగా చక్రం దగ్గర పైపు ఊడదీసి, చేతి వాక్యూమ్ పంపుతో 500 దాకా లాగి ఒక నిమిషం ఆగండి. ముల్లు నిలబడితే ఆ వైపు హబ్బూ సీళ్లూ గాలిని ఆపుతున్నట్టు. జారిపోతే హబ్బు మూత కింద ఓరింగు (గాలిని ఆపే రబ్బరు వలయం), నకిల్ (చక్రాన్ని పట్టి ఉంచి స్టీరింగుతో తిరిగే భాగం) లోపలి సీలు, ఆ తరువాతే పొర చూడండి. ఈ వరుస తప్పించకండి.

మరొక్క మాట. అమెరికా ఫోర్డ్ సూపర్ డ్యూటీ బండ్ల వీడియోలు చూసి ఇక్కడ ప్రయత్నించకండి. వాటిలో ఎక్కువ వాక్యూమ్ కొంతసేపు ఇస్తే లాక్ అవుతుంది, తక్కువ వాక్యూమ్ కొంతసేపు ఇస్తే విడుతుంది. ఇక్కడ మనం చూసే రకంలో లాక్‌లో ఉన్నంతసేపూ వాక్యూమ్ ఉండాలి.

నల్లరేగడి (ఆదోని):

పరీక్ష గురించి మీతో వాదం లేదు. కానీ మీరే చెప్పిన ఆ చివరి వాక్యం నా పక్షాన నిలుస్తుంది. లాక్‌లో ఉన్నంతసేపూ ఆ గది గాలిని లోపలికి పీల్చుకుంటూ ఉంటుంది కనుక, సీలు కాస్త అరిగినా గాలితో పాటు హగరి ఇసుక, వంక నీళ్లు కూడా బేరింగు గ్రీజులోకి చేరతాయి. నా పాత బండిలో బేరింగు విప్పినప్పుడు గ్రీజు కాదు, బురద ముద్ద వచ్చింది.

పెన్నఒడ్డు (జమ్మలమడుగు):

అది సీలు మార్చకపోవడం వల్ల వచ్చిన నష్టం. చేతి హబ్బుకూ ఓరింగు ఉంటుంది, అది పోతే అక్కడా నీళ్లు చేరతాయి. కాకపోతే అంత వేగంగా చేరవని ఒప్పుకుంటాను. అయితే గండికోట కింద పెన్న ఇసుకలో దిగబడ్డాక చేతి హబ్బు తిప్పడానికి మోకాలి లోతు తడి ఇసుకను తవ్విన వాళ్లను నేను చూశాను. ముందే తిప్పుకోవాలనే జ్ఞాపకం ప్రతి డ్రైవరుకూ ఉండదు, ముఖ్యంగా బండి పదిమంది చేతుల్లో తిరిగేటప్పుడు.

హగరిగట్టు (రాయదుర్గం):

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న ఊళ్లోనే పెన్నఒడ్డు గారు చెప్పిన వరుసలో చూశాము. పంపు దగ్గర ముల్లు 650 మీద నిలిచింది, సొలినాయిడ్ పనిచేస్తోంది. ఎడమ హబ్బు నిమిషం పాటు ముల్లును కదలనివ్వలేదు. కుడి వైపు మాత్రం నాలుగైదు సెకన్లలో సున్నాకు వచ్చేసింది. మూత విప్పితే ఓరింగు చదునై గట్టిపడిపోయి ఉంది, దాని గాడిలో ఇసుక ఉంది. కిందటి ఏడాది బేరింగు పని చేయించినప్పుడు పాత ఓరింగునే తిరిగి వేసి ఉంటారు. నా బండిలో రెండు హబ్బులకూ వాక్యూమ్ ఒకే పైపు నుంచి చీలుతుంది కనుక కుడి వైపు కారితే ఎడమ హబ్బు కూడా పట్టలేదు. గాడి తుడిచి, సిలికాన్ గ్రీజు రాసి కొత్త ఓరింగు వేశాము. ఇప్పుడు ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు తిరుగుతోంది.

అయినా నల్లరేగడి గారి భయం నాలోనూ మిగిలి ఉంది. కుడి వైపు గ్రీజు వేలితో నలిపితే ఇసుక తగిలింది. రేపు ఆ బేరింగు పూర్తిగా విప్పించి కడిగిస్తాను. నకిల్ సీలు కూడా అరిగి ఉంటే, చేతి హబ్బుల ధర అప్పుడు అడుగుతాను.