చోడి (రాగి) పిండి కేకు, పొందూరు ఖాదీపై కుట్టుపని: రెండు సందేహాలు

ప్రశ్న (విజయనగరం): ఆదివారాల్లో కుక్కరులో చోడి పిండి, బెల్లంతో కేకు చేసి, నేనే పూలు కుట్టిన పొందూరు ఖాదీ గుడ్డలో చుట్టి బంధువులకు ఇస్తుంటాను. కేకు కోయగానే పొడిగా రాలిపోతోంది. గుడ్డ ఉతికాక పూల చుట్టూ ముడతలు పడుతోంది. కారణం చెప్పగలరా?

జవాబు (శ్రీకాకుళం): చోళ్లలో గ్లూటెన్ ఉండదు కనుక పిండికి పట్టు రాదండి. సగం గోధుమపిండి, కొంత పెరుగు కలపండి. పెరుగులోని పులుపు వంటసోడాతో కలిసి వాయువును పుట్టించడం వల్ల కేకు పొంగుతుంది. మూతకున్న రబ్బరు, విజిల్ తీసేస్తున్నారు కదా?

జవాబు (పొందూరు): కొత్త ఖాదీ తొలి ఉతుకులో ముడుచుకుంటుంది, మీ పూల దారం అంతగా ముడుచుకోదు. కాబట్టి గుడ్డను ముందే నానబెట్టి ఆరవేసి, ఆ తర్వాతే కుట్టండి. వాలుగ చేప దవడతో దూదిని ఏకి వడికిన సన్నని నూలు అది; లావు సూది వాడితే పోగులు తెగుతాయి.

ప్రశ్న అడిగినవారు: రబ్బరు సంగతి నాకు తట్టనేలేదండి.