సమస్య: "ఏడు చేర నన్ని యేకమయ్యె"

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది. నియమం ఒక్కటే: పద్యం 142857 అనే సంఖ్య గురించి ఉండాలి. రెండుతో హెచ్చిస్తే 285714, మూడుతో 428571. ఆరు దాకా అవే అంకెలు గుండ్రంగా తిరుగుతాయి. ఏడుతో మాత్రం 999999.

మొదటి పూరణ

శశియు వేద నేత్ర సామజ శరగిరుల్
చక్రమట్లు తిరుగు సంఖ్య యొకటి
వేఱు వేఱు గున్న వెలసిన యంకెలు
ఏడు చేర నన్ని యేకమయ్యె

లెక్కల మాస్టారు: నడక బాగుంది బాబూ, లెక్కే తప్పింది. భూతసంఖ్యల్ని, అంటే అంకెలకు బదులు వాడే మాటల్ని (శశి 1, వేదాలు 4, నేత్రాలు 2, సామజం అంటే ఏనుగు 8, శరాలు 5, గిరులు 7), కుడి నుంచి ఎడమకు చదవాలి కదా! మీరు చెప్పిన వరసలో వచ్చేది 758241. దాన్ని ఏడుతో హెచ్చిస్తే 5307687, ఏకం కాదు సరికదా చెల్లాచెదురు. "వెలసిన" యతి కోసం వచ్చి కూర్చుంది. పైగా ఒట్టి "చేర" అంటే కూడిక అనుకుంటారు. ఏడు కూడితే 142864, అంతే.

రెండో పూరణ (లెక్కలు నాకు పడవు, క్షమించాలి)

సరిగ మపద నియని స్వరములు వేఱైన
రాగమందు కలియు రక్తి గొలుప
శ్రుతికి లోనుగాగ చూడ ముచ్చటగాను
ఏడు చేర నన్ని యేకమయ్యె

నిర్వాహకుడు: హాయిగా ఉందమ్మా, కానీ నియమం దాటింది. స్వరాల్ని వినాలి గానీ "చూడ" ఏమిటి?

మాస్టారి పూరణ

నగము బాణ దంతి నయన వేద శశుల
నాఱు దాక హెచ్చ నవియె తిరుగు
గుణక మగుచు వచ్చి కొలువులో నిలిచిన
ఏడు చేర నన్ని యేకమయ్యె

మొదటి పూరణ రాసినవాడు: మాస్టారూ, వరస సరిగ్గా కుదిరింది. కానీ తొమ్మిది మాటే లేదు. తెలియనివాళ్ళు "ఏకం" అంటే అన్నీ ఒకట్లు అనుకోరూ? 15873ని ఏడుతో హెచ్చిస్తే 111111 వస్తుంది, ఈ సమస్య దానికే ఇంకా బాగా అతుకుతుంది!

లెక్కల మాస్టారు: దెబ్బ కొట్టావయ్యా. మూడో పాదం మారుస్తున్నాను:

గుణక మగుచు వచ్చి కూర్చి తొమ్మిదులను

రెండో పూరణ రాసినావిడ: ఇంతకీ ఎందుకలా తిరుగుతాయండీ?

లెక్కల మాస్టారు: ఒకటిని ఏడుతో భాగించి చూడండమ్మా. 0.142857142857... అని సాగుతూనే ఉంటుంది. శేషాలు 1, 3, 2, 6, 4, 5 వరసగా వచ్చి మళ్ళీ ఒకటికి చేరతాయి. ఒకటికి బదులు రెండుతో మొదలెట్టినా అదే చక్రంలో మరో చోట ఎక్కినట్టే. ఇంకో ముచ్చట: దీని వర్గం 20408122449. దాన్ని 20408, 122449గా విరిచి కూడితే మళ్ళీ 142857. ఇలాంటివాటిని మహారాష్ట్రలోని దేవలాలీ బడిపంతులు కాప్రేకర్ పేరుతో కాప్రేకర్ సంఖ్యలు అని పిలుస్తారు. బడిపంతులు అన్న మాట కాస్త ఒత్తి చదవండి.

నిర్వాహకుడు: ఎనిమిదితో హెచ్చిస్తే 1142856. ముందున్న ఒకటిని తీసి చివరి అంకెకు కూడితే పాత సంఖ్యే. వచ్చే వారం సమస్య దీని మీదే, ఈసారి కందం. ప్రాస జాగ్రత్త.